20వ తారీఖు నడుంనొప్పి

ఆయన పేరు రాయను. ఆడిటర్‌గారు అంటాను, బరంపురంలో అందరూ పిలిచేదీ అలాగే. వయసు 44. పెద్దబజారు పక్క వీధిలో, రెండో అంతస్తులో ఆఫీసు. ఆయన దగ్గర 11 మంది పనిచేస్తారు, అందులో నలుగురు ఆర్టికల్స్, అంటే సీఏ చదువులో భాగమైన ఆఫీసు శిక్షణ, చేస్తున్న పిల్లలు. ఆయన ఒప్పుకున్నాకే ఈ కేసు రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

నేను ఫిజియోథెరపిస్టుని. కుర్చీలో కూర్చుని కూర్చుని నడుము పట్టేసినవాళ్ళని రోజూ చూస్తాను. వాళ్ళలో ఈయన గురించే ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఈయన నడుము బాగుపడాలంటే ముందు ఆఫీసులో ఏ ఫైలు ఎవరు ఖాయం చేయాలన్నది మారాల్సి వచ్చింది. ఆ సంగతి నాకు రెండు నెలలు ఆలస్యంగా తెలిసింది. ఆ రెండు నెలలూ నేను ఆయన్నే తప్పుపట్టాను.

మొదటిసారి వచ్చింది జూన్ 22న. కుడివైపు నడుంలో నొప్పి. కుర్చీలోంచి లేచేటప్పుడు పట్టేస్తుంది, పది అడుగులు వేస్తే సర్దుకుంటుంది. కాలు తిమ్మిరి లేదు, మూత్రం ఇబ్బంది లేదు, రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి కాదు, కారణం లేకుండా బరువు తగ్గడమూ లేదు. అంటే భయపడాల్సిన గుర్తులేవీ కనబడలేదు. తుంటి ముందువైపు కండరాలు బిగుసుకుపోయి ఉన్నాయి, పిరుదుల కండరాల్లో బలం బాగా తగ్గింది. రోజుకు 12, 13 గంటలు కూర్చునేవాళ్ళలో ఈ రెండూ జంటగానే కనిపిస్తుంటాయి.

ఎత్తు 169 సెంటీమీటర్లు, బరువు 91 కిలోలు, నడుం చుట్టుకొలత 106 సెంటీమీటర్లు. మన భారతీయ మగవాళ్ళకు 90 దాటితే జాగ్రత్తపడాలి. రక్తపోటు 146/92. మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు షుగరు గుమ్మం దగ్గర నిలబడినట్టే. రక్తపోటు సంగతి చూడమని ఫిజీషియన్ దగ్గరికి పంపాను. ఆయన జూలైలో మాత్ర మొదలుపెట్టారు.

ఈ అంకెలేవీ ఆడిటర్‌గారిని కదిలించలేదు. ఆయనకు కొట్టొచ్చినట్టు తగిలింది మరొకటి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో చూసే పరీక్ష ఉంది. నిజానికి అది 60 దాటినవాళ్ళ కోసం పెట్టింది. 60 నుంచి 64 ఏళ్ళ మగవాళ్ళు 14 కన్నా తక్కువ చేస్తే కాళ్ళ బలం తక్కువని లెక్క. ఈయన 11 దగ్గర ఆగిపోయి, టేబుల్ అంచు పట్టుకుని ఊపిరి తీసుకున్నారు. ఎన్ని చేయాలని అడిగారు. చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"మా నాన్నగారు డెబ్బైలో కూడా బావిలోంచి నీళ్ళు తోడేవారు డాక్టరమ్మా" అన్నారు చివరికి.

ఆ రోజు నేను రాసిచ్చిన ప్లాన్ ఇది. పొద్దున్న 5కి లేవాలి. రామలింగం చెరువు గట్టు మీద 45 నిమిషాలు నడవాలి. సాయంత్రం ఇంట్లో 20 నిమిషాలు నడుం వ్యాయామాలు చేయాలి. కాగితం మీద తప్పు పట్టడానికేమీ లేదు. వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ, కనీసం రెండు రోజులు కండరాల బలానికి వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్కకు అది సరిపోతుంది. 12 రోజులు చేశారు. జూలై మొదటి వారంతో మొత్తం ఆగిపోయింది. ఆగస్టు 10కి ఆయన ఫిజియోకి రావడమే మానేశారు. కార్డు మీద "చెప్పింది పాటించడం లేదు" అని రాసుకున్నాను. ఆ మాట రాసినందుకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఫోన్ చేస్తే ఒకే ఒక్క మాట అన్నారు: "రాత్రి పన్నెండున్నరకు ఇంటికి చేరినవాణ్ణి ఐదింటికి ఎలా లేవనమ్మా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. మీ ఆఫీసుకు వచ్చి ఒక సాయంత్రం కూర్చోవచ్చా అని అడిగాను. "వస్తే 20న రండి. అసలు సంగతి ఆ రోజే తెలుస్తుంది" అన్నారు.

ఆగస్టు 20, సాయంత్రం 4 గంటలు

ఆడిటర్ల నెల మనందరి నెలలా ఉండదు. 7న టీడీఎస్, అంటే చెల్లింపుల్లో ముందే కోసిన పన్ను, కట్టాలి. 11న జీఎస్టీఆర్-1, అంటే అమ్మకాల వివరాల రిటర్ను. 14న టూబీ వస్తుంది, అంటే కొనుగోళ్ళ మీద ఏ పన్ను క్రెడిట్‌గా తిరిగి తీసుకోవచ్చో చెప్పే పట్టిక. అది వస్తే తప్ప నెలనెలా జీఎస్టీ కట్టే రిటర్ను త్రీబీ లెక్క తేలదు. త్రీబీకి ఆఖరు 20. నెలంతా ఎంత తీరిగ్గా ఉన్నా, ఈ ఆరు రోజుల్లో పని మీద పడిపోతుంది. మూడు నెలలకోసారి కట్టే చిన్న వ్యాపారుల తారీఖులు వేరు. బరంపురం కొట్టుకు 24, పక్కనే ఉన్న ఇచ్ఛాపురం కొట్టుకు 22. ఒడిశా ఒక జాబితాలో, ఆంధ్ర మరో జాబితాలో ఉండడమే కారణం. సరిహద్దుకు అటూ ఇటూ క్లయింట్లున్న ఆఫీసులో ఈ రెండు తారీఖులూ ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి. ఈ ఆఫీసులో ఆ ఒకరు ఆడిటర్‌గారే.

గోడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. చేతిలో తెల్ల కాగితం. ఆయన టేబుల్ దగ్గరికి ఎవరొచ్చినా ఒక గీత, ఆయన కుర్చీలోంచి లేస్తే ఒక చుక్క.

చూసింది చూసినట్టు రాస్తాను. టేబుల్ మీద ఫైళ్ళు మూడు దొంతరలు. వాటి మధ్యలో ఒక స్టీలు డబ్బా, దాని నిండా డిజిటల్ సంతకాల టోకెన్లు. ఒక్కోదానికి క్లయింటు పేరు రాసిన చిన్న కాగితం అంటించి ఉంది. ఒక కుర్రాడు ఫోన్ చెవికి ఆనించుకుని ఎదురుగా నిలబడ్డాడు. అవతల బట్టల కొట్టు యజమాని ఓటీపీ చెప్పాలి, ఆయనేమో బేరంలో ఉన్నాడు. ఈలోగా ఇంకో అమ్మాయి లాప్‌టాప్ చేతుల్లో పట్టుకునే వచ్చి స్క్రీను చూపించింది. ఆయన చూసి తల ఊపారు. అమ్మాయి వెళ్ళింది. అంతే. ఆ తల ఊపడం కోసం వాకిలి దగ్గర ఇంకో ముగ్గురున్నారు.

7 గంటలకు గీతలు లెక్కపెడితే 38. చుక్కలు 2. ఒకటి బాత్రూంకి, రెండోది జారిపోయిన పెన్ను కోసం.

టీ కూడా లెక్కపెట్టాను. క్లయింటు వస్తే టీ, క్లయింటు తాగుతుంటే ఈయన తాగకపోతే మర్యాద కాదు. రోజు మొత్తానికి 7 కప్పులని టీ తెచ్చే కుర్రాడు చెప్పాడు, కప్పుకు 2 చెంచాల పంచదార. చెంచాకు 5 గ్రాములనుకున్నా 70 గ్రాములు. రోజుకు 2000 క్యాలరీలు తినే మనిషికి పైనుంచి కలిపే చక్కెర 50 గ్రాములు మించకూడదు. అన్నం, టిఫిన్ల దాకా పోకుండానే ఆ గీత దాటేశారు.

ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు ఒకామె ఉంది. ఇచ్ఛాపురం నుంచి రోజూ రైల్లో వస్తుంది, ఆరేళ్ళ నుంచి ఇక్కడే పని. వాకిట్లో నిలబడినవాళ్ళలో ఆమె కూడా ఉండడం చూసి, బయటకొచ్చాక అడిగాను. ఇందులో నీకు తెలియనివి ఎన్ని ఉంటాయమ్మా అని.

"నాకు తెలీనివి నాలుగో ఐదో ఉంటాయి మేడమ్. మిగతావన్నీ తెలుసు. కానీ సార్ చూడందే పంపం. ఎప్పుడూ అంతే."

ఆ మాట వినగానే ఆయన నడుంనొప్పి ఎక్కడ మొదలవుతోందో అర్థమైంది. ఆఫీసు మొత్తం ఒక్క తలూపు కోసం ఆగుతుంటే ఆ తల ఉన్న ఒళ్ళు కుర్చీలోంచి లేవలేదు. నేను ఎన్ని వ్యాయామాలు రాసిచ్చినా ఆ కుర్చీ ఆయన్ని వదలదు.

ఎర్ర దారం

మర్నాడు క్లినిక్‌కి వచ్చినప్పుడు వ్యాయామాల ఊసు ఎత్తలేదు. నాకు ఆడిటింగ్ తెలియదు, ఆఫీసు నడపడం గురించి ఆయనకు చెప్పేంతదాన్నీ కాను. ఒకటే అడిగాను: మీరు చేసే పనుల్లో మీరే చేయాలని చట్టం చెప్పేవి ఏవి, మీకు అలవాటైనవి ఏవి?

ముందు కొంచెం చిరాకుపడ్డారు. "తప్పు జరిగితే క్లయింటు అడిగేది నన్నే కదా?" అన్నారు. ఆ మాటలో నిజముంది, కాదనలేదు. ఊళ్ళో ఇరవై ఏళ్ళుగా నిలబెట్టుకున్న పేరది. కాసేపటికి నా దగ్గరే కాగితం అడిగి తీసుకుని మధ్యలో నిలువు గీత గీశారు, ఖాతా పుస్తకంలో గీసినట్టే. ఎడమవైపు తప్పనిసరిగా తన చేతిమీదుగా జరగాల్సినవి: ఆడిట్ రిపోర్టు మీద సంతకం, దానికి యూడిన్ (ఒక్కో రిపోర్టుకు ఇచ్చే గుర్తింపు) నెంబరు తీసుకోవడం, నోటీసులకు జవాబులు. ఇంకేదో రాసి కొట్టేశారు. కుడివైపు రాయడం మొదలుపెడితే పేజీ నిండింది. నెలనెలా త్రీబీలు, చిన్న వ్యాపారుల రిటర్నులు, ఓటీపీల కోసం ఫోన్లు, పాత బకాయిల జాబితా, స్టేషనరీ బిల్లుల దాకా అన్నీ అటువైపే.

ఆ కుడివైపు పేజీని తిరగేసి చాలాసేపు చూశారు. "ఇవన్నీ ఆ అమ్మాయికి వచ్చు" అన్నారు.

సెప్టెంబరు నుంచి ఆఫీసులో ఒక పద్ధతి వచ్చింది. ఆ ఆలోచన ఆయనదే. ఎర్ర దారం కట్టిన ఫైలైతే ఆయన దగ్గరికి రావాలి. కొత్త క్లయింటు, రిఫండు, నోటీసు, లేదా తీసుకున్న పన్ను క్రెడిట్ కిందటి నెలకన్నా బాగా తేడాగా ఉంటే ఎర్ర దారం. మిగతావన్నీ సీనియర్ అసిస్టెంటే ఖాయం చేస్తుంది. ఆఫీసు వరకు త్రీబీకి ఆఖరు తారీఖు 17. 14న టూబీ వస్తుంది కాబట్టి అంతకన్నా ముందుకు జరపడానికి వీల్లేదు. మిగిలిన మూడు రోజులు పోర్టల్ మొరాయించినా, క్లయింటు డబ్బు సర్దుకోలేకపోయినా ఆదుకోవడానికి.

ప్రశ్నలకు రెండు వేళలు పెట్టారు: మధ్యాహ్నం 12కి, సాయంత్రం 5:30కి. టేబుల్ దగ్గర మాత్రం కాదు. ఆ రెండు వేళలూ డాబా మీద నడుస్తూ మాట్లాడాలన్నది నేను చేర్చిన షరతు. డాబా చుట్టుకొలత పెద్దదేమీ కాదు, ఒక చుట్టుకు నిమిషం పడుతుంది. ఇక్కడొక విషయం చెప్పాలి, చాలామందికి తెలియదు. ఒకేసారి పది నిమిషాలైనా చేస్తేనే వ్యాయామం కింద లెక్క అని ఒకప్పుడు చెప్పేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఆ షరతు తీసేసింది. ఐదు నిమిషాల నడకా లెక్కే, మెట్లెక్కినా లెక్కే. నేను జూన్‌లో ఆయనకు 45 నిమిషాలని రాసిచ్చి, అది కుదరకపోతే ఏమీ లేనట్టే అన్న భావం కలిగించాను. ఆఫీసు మనిషికి అది తప్పు మందు.

బలానికి పెట్టినవి మూడే. నడక అయ్యాక కుర్చీలోంచి 8 సార్లు లేచి కూర్చోవడం. పొద్దున్న మంచం దిగేముందు వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, నడుం పైకెత్తడం. మూడోది సంచుల మోత. జీఎస్టీ రికార్డులు 72 నెలలు దాచాలి కాబట్టి ఆఫీసు వెనక గదిలో కాగితాల కట్టలు అటక దాకా ఉన్నాయి. వాటిని కాటా మీద తూచి, 6 కిలోల చొప్పున రెండు గోనెసంచుల్లో పెట్టించాను. చేతికొకటి పట్టుకుని, వెన్ను నిటారుగా పెట్టి వరండా ఆ చివర నుంచి ఈ చివరకు నాలుగుసార్లు నడవాలి. నడుంనొప్పి ఉన్నవాళ్ళు బరువు ముట్టకూడదని చాలామంది నమ్మకం. భయపడాల్సిన గుర్తులు లేనప్పుడు, కొలతగా పెంచుకుంటూ పోతే బరువే నడుముకు బలం ఇస్తుంది. మొదటి రోజు ఆఫీసు పిల్లలంతా వరండాలోకి వచ్చి చూశారు. పదిహేను రోజులకు వాళ్ళలో ఇద్దరు తమ సంచులు తాము కట్టుకున్నారు.

తిండి సంగతి తొందరగా ముగిస్తాను, ఎందుకంటే ఇంట్లో పెద్దగా మార్చింది లేదు. టీ 3 కప్పులకు, కప్పుకు ఒక చెంచాకు దిగింది. క్లయింట్ల ముందు ఖాళీ చేతులతో కూర్చోలేనంటే మజ్జిగ పెట్టించాం, ఉప్పు లేకుండా. రాత్రి అన్నం 11 నుంచి 8:30కి వచ్చింది, ఆఫీసు త్వరగా మూస్తున్నారు కాబట్టి. అసలు పేచీ అప్పడాల దగ్గర వచ్చింది. బరంపురం అప్పడం, ఊరగాయ లేకుండా భోజనం పెట్టడమంటే ఈ ఊళ్ళో ఏ ఇల్లాలికైనా చేయి రాదు. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు దాటకూడదు, అంటే ఒక చిన్న చెంచా. రక్తపోటు ఉన్న మనిషి రెండు పూటలా అప్పడం, ఆవకాయ వేసుకుంటే అది నిలవదు. వాళ్ళమ్మగారు నా మీద కోప్పడ్డారు. "నా బాబు కంచంలో అప్పడం ముక్క నేకపోతే ముద్ద దిగదమ్మా" అన్నారు. ఆదివారం గోపాలపూర్ ఇసకలో నడిచొచ్చిన రోజు మధ్యాహ్నం ఒక అప్పడం అని ఒప్పందం కుదిరింది. ఆ ఒప్పందం ఆమే కాపాడారు, నాకన్నా గట్టిగా.

రెండుసార్లు జారిన చోట్లు

సెప్టెంబరు చివరి పది రోజులు టాక్స్ ఆడిట్లకు ఆఖరు. ఆడిట్ రిపోర్టు గీతకు ఎడమవైపు పని, ఎవరికీ ఇవ్వలేనిది. ఆ పది రోజులూ నడక తగ్గినా పర్వాలేదు, నిద్ర మాత్రం 6 గంటలకు తగ్గొద్దని బతిమాలాను. తగ్గింది. 28న మళ్ళీ నడుము పట్టేసింది. అయితే జూన్‌లో మూడు వారాలు వేధించిన నొప్పి ఈసారి నాలుగు రోజుల్లో దిగింది. మంచం ఎక్కకుండా, నొప్పి భరించగలిగినంత మేరకు డాబా మీద తిరుగుతూనే ఉన్నారు. రుచి చూసిన బలం ఒంట్లో కొంత నిలుస్తుందని ఆయనకు అప్పుడు నమ్మకం కలిగింది.

రెండోది నవంబరులో, ఇది నడుముకు సంబంధించింది కాదు. సీనియర్ అసిస్టెంటు ఖాయం చేసిన ఒక త్రీబీలో 18,000 చిల్లర పన్ను క్రెడిట్ ఎక్కువ తీసుకున్నారని 25న బయటపడింది. త్రీబీ ఒకసారి పంపాక దిద్దే వీల్లేదు, తర్వాతి నెలలో సరిచేసి వడ్డీ కట్టాలి. ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి ఆఫీసులో ఎవరూ తలెత్తడం లేదు.

"ఇప్పుడే అన్ని ఫైళ్ళకూ ఎర్ర దారం కట్టేయమందామనుకున్నాను" అన్నారు ఆయన తర్వాత నాతో. "గుండె దడదడా కొట్టుకుంది. ఇరవై ఏళ్ళ క్లయింటు." ఒక్క మాటతో ఆ పద్ధతి మొత్తం కూలిపోయేది.

5:30కి మామూలుగానే డాబా ఎక్కారు, ఆమెను రమ్మన్నారు. నేను మెట్ల దగ్గర ఆగిపోయాను. మొదటి రెండు చుట్లు ఎవరూ మాట్లాడలేదు. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకోవడం కనబడింది. మూడో చుట్టులో ఆయన అడిగారు.

"ఎక్కడ జారిందమ్మా?"

"క్లయింటు ఇచ్చిన కొనుగోలు పుస్తకం చూసి వేసీశాను సార్. అమ్మినాయన ఆ బిల్లు 11 దాటాక ఎక్కించాడు. టూబీలో ఈ నెల రాలేదు, వచ్చే నెల వస్తాది. పక్కన టూబీ పెట్టుకోవాల్సింది."

"మరి రేపట్నుంచి?"

"రెండూ పక్కపక్కన పెట్టి టిక్ కొట్టాకే పంపుతాం సార్. అందరికీ చెప్తాను."

అంతే. దిగి వచ్చారు. వడ్డీ మూడు వందల లోపే అయింది, అది ఆఫీసే భరించింది. క్లయింటుకు ఆయనే ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పారు, అమ్మాయి పేరు ఎత్తలేదు. ఫైళ్ళు వెనక్కి తీసుకోలేదు. ఈ కేసు మొత్తంలో ఆయన ఆరోగ్యానికి ఎక్కువ మేలు చేసింది ఏదంటే ఆ నాలుగు చుట్లే అంటాను. ఆ సాయంత్రం కోపం మీద తాళం చెవులన్నీ మళ్ళీ జేబులో వేసుకుని ఉంటే, డిసెంబరు 20 రాత్రికి ఆయన మళ్ళీ అదే కుర్చీలో ఉండేవారు. నేను కార్డు మీద మళ్ళీ అదే మాట రాసి ఉండేదాన్ని.

ఫిబ్రవరి కొలతలు

బరువు 86. నడుం చుట్టుకొలత 99, ఇంకా 90కి చాలా దూరం. హెచ్‌బీఏ1సీ 5.8, ఇంకా గుమ్మం దగ్గరే ఉంది గానీ లోపలికి రావడం ఆగింది. రక్తపోటు 132/84. ఇందులో ఫిజీషియన్ ఇచ్చిన మాత్ర పాలు ఎంతో, నడక, ఉప్పు తగ్గింపు పాలు ఎంతో విడదీసి చెప్పలేను, మాత్ర మానమని ఎవరూ అనుకోకూడదు. నిద్ర ఐదు గంటల నుంచి ఆరున్నరకు వచ్చింది. కుర్చీ పరీక్షలో 11 కాస్తా 19 అయింది. పందొమ్మిదోసారి లేచి అలాగే నిలబడి, గడియారం వంక చూసి, "ఇంకో రెండు సెకన్లున్నాయి కదా" అన్నారు.

ఆఫీసు కొలత ఒకటి కూడా రాసుకున్నాను. ఫిబ్రవరి 20న సాయంత్రం అదే గోడ పక్కన, అదే మూడు గంటలు కూర్చున్నాను. గీతలు 9, చుక్కలు 6.

ఇప్పుడు నా కార్డులో ఒక గడి చేర్చాను. బ్యాంకు క్యాషియరైనా, చీటీల వసూలు చేసేవారైనా, ఇన్సూరెన్స్ ఏజెంటైనా, డబ్బు లెక్కలతో పనిచేసేవాళ్ళెవరు వచ్చినా నెలలో ఏ తారీఖుల్లో పని మీద పడుతుందో ముందు అడిగి అందులో రాస్తాను. పక్కనే ఇంకో ప్రశ్న: మీరు లేకపోతే ఆగిపోయే పని ఏది, దాన్ని ఇంకెవరు చేయగలరు? దీనికి జవాబు వచ్చాకే వ్యాయామాలు రాస్తున్నాను.

ఆడిటర్‌గారికి ముందున్నది ఏప్రిల్. నెల మొదట్లోనే బ్యాంకు బ్రాంచీల ఆడిట్లు మొదలవుతాయి. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఘాట్ రోడ్లలో కారులో గంటలు గంటలు కూర్చోవాలి, బ్రాంచీల్లో డాబా ఉండదు, సంచులూ ఉండవు. ఎండ ముదురుతుంది. మా ఊరి తేమలో చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడక గుండె తొందరగా అలుస్తుంది, కాబట్టి సాయంత్రం నడక పొద్దున్నకు మార్చాలి. గంటకోసారి కారు ఆపి ఐదు నిమిషాలు నడవడం, బ్రాంచిలో ప్రతి లెడ్జరు మూసినప్పుడల్లా లేచి నిలబడడం, ఇంతవరకే అనుకున్నాం. ఆయన ఊళ్ళో లేని ఆ రోజుల్లో ఎర్ర దారం ఫైళ్ళు ఎవరు చూడాలన్నది ఇంకా తేలలేదు. మార్చి చివరి వారంలో క్యాలెండర్ పట్టుకుని ఇద్దరూ రమ్మన్నాను, ఆయనా, సీనియర్ అసిస్టెంటూ.